అతుకు కనపడని పని

ఇస్త్రీ పెద్దమ్మ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని, దుకాణం మెట్లు దిగి, ఎండలో నిలబడి చూసింది. దుకాణాల్లో లైట్ల మీద ఆవిడకు నమ్మకం లేదు. చొక్కా మీద మరక పోయిందో లేదో తేల్చుకోవాలన్నా బయటికి తీసుకుపోవాల్సిందే.

వదిన కౌంటరు వెనక నుంచి ఆవిడ మొహం వంకే చూస్తోంది. ఆ ఫోటో మీద రెండు రోజులు కూర్చుంది మరి. పెద్దమ్మ భర్త పోయాక ఆయన ఫోను కట్టేసి, గుడ్డలో చుట్టి, ఇస్త్రీ బల్ల కింద సొరుగులో దాచుకుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తనూ ముట్టుకోలేదు. బల్ల మీద మాత్రం పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఇస్త్రీపెట్టె కాగుతూనే ఉంది. రెండేళ్ళకు ఆ ఫోను తెరిపిస్తే సగం ఫోటోలు అడ్డగీతలుగా, బూడిదరంగు పట్టీలుగా తేలాయి. ఆయన మొహం తిన్నగా పడింది ఒక్కదాంట్లోనే, అందులోనూ ఎడమ కన్ను మీద పట్టీ పడింది.

"ముట్టుకోనైనా లేదు కదమ్మా, దాచుకున్నది ఎలా పాడైంది?" అని మొదటి రోజు అడిగింది పెద్దమ్మ.

"ముట్టుకోకపోవడం వల్లే పెద్దమ్మా. లోపలంతా చిన్న చిన్న గిన్నెలనుకో. ఒక్కో గిన్నెలో ఇంత అని కరెంటు పోసి పెడతారు. ఎంత పోశారన్నదే అక్కడ రాత. వాడుతూ ఉంటే, ఏ గిన్నెలో తగ్గిందో యంత్రమే చూసుకుని మళ్ళీ నింపుకుంటుంది. కట్టేసి దాస్తే చూసే దిక్కుండదు, మెల్లగా కారిపోతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా కారిపోతుంది."

"అయితే రోజూ చూసుకుంటూ ఉంటే ఉండేవాడన్నమాట," అంది పెద్దమ్మ.

ఆ మాట మీదే పంతం పట్టి, వదిన కుడి కన్నూ కనుబొమ్మా తిప్పి ఎడమవైపు అతికించి, నీడలు సరిచేసి, చర్మం రంగు కలిపి, చివరికి తనకే అతుకు ఎక్కడుందో తెలియనంతగా పని ముగించింది. దుకాణం అద్దం మీద మరిది రాయించిన మాట అదే: 'పోయిన ఫోటోలు తిరిగి తెస్తాం, అతుకు కనపడదు.' రాయించడం, మాట్లాడటం మరిది పని. అతుకు కనపడకుండా చేయడం ఆవిడ పని. పేరు ఎవరికీ పట్టలేదు. మరిది వదినా అంటాడు కనక వీధి వీధంతా వదినే.

పెద్దమ్మ ఫోటో చూస్తూ వేలితో తన ఎడమ కనుబొమ్మ రుద్దుకుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు రుద్దుకుంది. చెమట కాబోలు అనుకుంది వదిన.

"బాగుందమ్మా. చక్కగా ఉన్నాడు," అని పెద్దమ్మ ఫోటోను కొంగులో పెట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఏడుస్తుందనుకుని మంచినీళ్ళ సీసా కూడా దగ్గర పెట్టుకున్న వదినకు కాస్త వెలితిగానే అనిపించింది.

*

ఈత మాస్టారు వచ్చింది ఆ మధ్యాహ్నమే. వెనక ఆయన భార్య, చేతిలో ప్లాస్టిక్ సంచి.

ఆ చుట్టుపక్కల నలభై దాటిన వాళ్ళలో ఆయన నీళ్ళలోకి తోయని మనిషి అరుదు. మరిదికి కూడా ఆయనే గురువు. ఊపిరి ఎలా బిగబట్టాలో పిల్లలకు గంటసేపు చెప్పి, బట్టలు మార్చుకునే గది వెనక్కి వెళ్ళి సిగరెట్టు కాల్చి వచ్చే గురువు.

"ఒరేయ్, నీటికి భయపడి నా మెడ పట్టుకుని వేలాడినవాడివి. ఇప్పుడు నేను నీ మెడకి వేలాడటానికొచ్చాను," అన్నాడు మరిదితో. నవ్వాడు గానీ ఆ నవ్వు దగ్గులోకి జారింది.

సంగతి మాస్టారమ్మ చెప్పింది. కుడి ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత మచ్చ కనపడింది. ఛాతీ డాక్టరమ్మ మూడు ముక్కల్లో తేల్చేసింది. పాత స్కాన్‌లోనూ అది ఇంతే ఉంటే ముట్టుకోనంది. పాత స్కాన్ దొరక్కపోతే మూడు నెలలు ఆగి, మళ్ళీ తీసి, పెరిగిందో లేదో చూస్తానంది. పాతదాంట్లో అసలు మచ్చే లేకపోతే మాత్రం, ఇన్నేళ్ళు సిగరెట్టు కాల్చిన మనిషి కనక ఒక్క రోజు కూడా ఆగనని, ఛాతీ తెరిచి ఆ భాగం కోసేస్తానని చెప్పింది.

"పాత స్కాన్ ఉందా?" అడిగాడు మరిది.

"ఐదేళ్ళ కిందట కొలను మెట్ల మీద జారిపడ్డప్పుడు పక్కటెముక కోసం తీశారు. ఫిల్ములు ఇంట్లోనే ఉండాలి. ఉండనిచ్చాడా మహానుభావుడు! గ్రహణం వచ్చిందని ముక్కలు కోసి ఈతకొచ్చే పిల్లలకి పంచిపెట్టాడు, సూర్యుణ్ణి చూడమని!"

"అది కళ్ళకి మంచిది కాదని తర్వాత తెలిసిందిలే," అన్నాడు మాస్టారు నేల చూస్తూ.

"మన ఊపిరితిత్తికీ మంచిది కాలేదు," అంది ఆవిడ.

ఆ స్కాన్ సెంటరు ఆ ఏడే మూతపడింది. మాస్టారు దాని యజమానిని వెతికి పట్టుకుంటే, ఆయన రేకుల షెడ్డులో మూల పెట్టిన కంప్యూటరులోంచి డ్రైవు ఊడబీకి ఇచ్చాడు. మాస్టారమ్మ సంచిలోంచి దాన్ని తీసి కౌంటరు మీద పెట్టింది. అరచేతిలో ఇమిడే నల్లటి ఎస్ఎస్‌డీ, పెద్దమ్మ ఫోనులో ఉన్నలాంటి గిన్నెలే దీంట్లోనూ. మీద ధూళి, ఒక మూల సాలెగూడు.

వదిన దాన్ని తాకి చూసింది. ఎండలో నడిచొచ్చారేమో, ఇంకా వెచ్చగానే ఉంది. అయిదు వేసవులు రేకుల కింద కరెంటు లేకుండా. ఇస్త్రీ బల్ల సొరుగే నయం.

"వస్తుందా అమ్మాయ్?" అడిగాడు మాస్టారు. ఈసారి నవ్వలేదు.

"చూస్తాను మాస్టారూ."

"చూడటమేంటి, మా వదిన చేయి పడితే రాక ఛస్తుందా!" అన్నాడు మరిది.

*

ఇలాంటి డ్రైవుకు కరెంటు ఇవ్వడమే గండం. ప్రాణం రాగానే అది ఇల్లు సర్దుకోవడం మొదలుపెడుతుంది. కారిపోయిన గిన్నెలు చూసుకుని, ఉన్నదాన్ని తీసి కొత్త చోట పోయాలనుకుంటుంది. మంచి డ్రైవుకు అదే ఆయుష్షు. మంచాన పడ్డదానికి ఆ సర్దుడే ప్రాణం మీదికి తెస్తుంది. వదిన ముందు ఆ సర్దుడు ఆపేసింది. రాయడం బందు, చదవడం ఒక్కటే. తర్వాత ఏసీ వేసి, చదివే యంత్రానికి డ్రైవు తగిలించి, కుర్చీ అంచున కూర్చుంది.

మొదటిసారి డ్రైవు పలకలేదు. రెండోసారి తెర మీద కనపడి మాయమైంది. మూడోసారి నిలబడింది.

చదివిన చోటల్లా తెర మీద పచ్చ గడి, చదవలేని చోట ఎర్ర గడి. మొదట్లో అంతా పచ్చగా నడిచింది. మధ్యలో ఎర్రవి మొదలయ్యాయి, ఒకటి, ఒకటి, తర్వాత గుంపులుగా. ఆవిడ టీ చల్లారిపోయింది. మరిది వచ్చి భుజం మీదుగా చూసి, మాట్లాడకుండా వెళ్ళాడు. అతను మాట్లాడకుండా వెళ్ళడం ఆ దుకాణంలో అపశకునమే.

మర్నాటి మధ్యాహ్నానికి స్కాన్ బయటికొచ్చింది. ఛాతీని పై నుంచి కిందికి సన్నగా తరిగినట్టు వరుసగా బొమ్మలు. ఒక్కోటి తెరిచి చూస్తే గీత లేదు, మరక లేదు. మాస్టారూ ఆయన భార్యా అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. మరిది అందరినీ తెర ముందుకు పిలిచాడు. డాక్టరమ్మ ఇచ్చిన కొత్త ఫిల్ము కిటికీ అద్దానికి ఆనించి, మచ్చ ఎక్కడుందో చూసి, పాతదాంట్లో అదే చోటు తెరిచింది వదిన.

అక్కడ ఏమీ లేదు. నల్లగా, నున్నగా, శుభ్రంగా ఉంది.

"లేదు! చూడండి, ఏమీ లేదు!" మాస్టారమ్మ రెండు చేతులూ జోడించింది. "నీ చేతులు చల్లగుండ తల్లీ!"

మాస్టారు తెరకు దగ్గరగా జరిగాడు. చాలాసేపు చూశాడు.

"అప్పుడు లేదన్నమాట," అన్నాడు.

"లేదుగా మరి! మంచిదేగా!"

"పిచ్చిదానా, అప్పుడు లేకపోతే ఇప్పుడు కొత్తగా వచ్చినట్టే కదే."

మాస్టారమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. మొహంలో నవ్వు పోవడానికి కాస్త టైం పట్టింది. అది పోతుంటే చూడటం వదినకు కష్టమైంది. తప్పు తనదైనట్టు తల వంచుకుని కేబుళ్ళు చుట్టబెట్టింది. ఉన్నది తెచ్చి చూపించాను, నేనేం చేయగలను అని తనకు తనే చెప్పుకుంది.

బొమ్మలు డిస్కులోకి ఎక్కించి, దుకాణం ముద్ర వేసిన కవరులో పెట్టి, మరిదే స్వయంగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి కబురొచ్చింది. రేపు చేర్చుకుంటారు, ఎల్లుండి పొద్దున్నే ఆపరేషను.

*

మర్నాడు వదిన స్కాన్‌ను ఇంకో డ్రైవులోకి ఎక్కించి మాస్టారికి ఇవ్వాలనుకుంది. పాత డ్రైవు ఇక ఎన్నాళ్ళో చెప్పలేం. ఎక్కుతుండగా, ఊరికే, మౌసు చక్రం తిప్పుతూ కూర్చుంది. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. చక్రం తిప్పితే ఎముకలు దగ్గరకొస్తాయి, దూరం జరుగుతాయి, రక్తనాళాలు సన్నబడతాయి, లావెక్కుతాయి. మనిషి ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. ఆవిడకది చూడ ముచ్చటేసింది.

ఒకచోట ఆ ఊపిరి ఆగింది.

మొత్తం కాదు. పైనా కిందా అన్నీ కదులుతున్నాయి. మధ్యలో ఒక అడ్డపట్టీ మాత్రం కదలడం లేదు. వదిన చక్రం వెనక్కి తిప్పింది. ముందుకు తిప్పింది. పక్కటెముక అటూ ఇటూ జరుగుతోంది, పట్టీలో ఉన్న దాని ముక్క మాత్రం గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంది. నాలుగు బొమ్మల దాకా అదే ముక్క, చుక్క తేడా లేకుండా. మాస్టారి మచ్చ ఉండాల్సిన చోటు ఆ పట్టీలోనే.

అది ఎవరి పనో చూడగానే తెలిసిపోయింది. కుట్టినవాడికి కుట్టు తెలియదూ!

పెళ్ళి ఫోటోగ్రాఫరు ఒకే గుంపును నాలుగైదుసార్లు తీస్తాడు. ఒకదాంట్లో ఎవరి మొహమో చదవలేకపోతే, దానికి ముందున్న ఫోటోలో అదే చోటు నుంచి తెచ్చి పూడ్చేస్తే సరి. ఎన్నో ఏళ్ళ కిందట వదినే తన చదివే యంత్రానికి ఆ పని నేర్పింది. అప్పట్నుంచీ అది తనంతట తనే పూడుస్తోంది. ఎవరూ ఎన్నడూ వచ్చి అడగలేదు. మాస్టారి డ్రైవు తగిలించినప్పుడు దాన్ని ఆపాలన్న ఆలోచనే ఆవిడకు రాలేదు. చదవలేకపోయిన నాలుగు బొమ్మల్లోనూ పై బొమ్మలోని ఊపిరితిత్తి తెచ్చి అతికించింది యంత్రం. అతుకు కనపడలేదు.

"ఒకసారి ఇలా రా," అని మరిదిని పిలిచింది. గొంతు విని అతను చేతిలో పని వదిలేసి వచ్చాడు. చక్రం తిప్పి చూపించింది. అతనికి రెండోసారికి అర్థమైంది.

"అంటే మచ్చ ఉందా?"

"తెలీదు. అదే నేను చెప్పేది, అక్కడేముందో మనకి తెలీదు. తెలీనిదాన్ని లేదని ఇచ్చాం."

"పాత స్కాన్ దొరక్కపోతే మూడు నెలలు ఆగుతానంది కదా ఆవిడ..." అని మరిది అక్కడే ఆగిపోయాడు. మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళు ఏమీ ఇవ్వకుండా ఉన్నా మాస్టారు ఇవాళ ఇంట్లో ఉండేవాడు.

వదిన అప్పటికే ఆసుపత్రికి ఫోను కలిపింది. డాక్టరమ్మ ఆపరేషన్లలో ఉన్నారని, సాయంత్రం వార్డుకు వస్తారని, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడరని నర్సు చెప్పి పెట్టేసింది.

"వదినా, ఒక్క మాట," మరిది గొంతు తగ్గించాడు. "డ్రైవు చెడిపోతోందని, ఇంకోసారి చదివామని, కొంచెం తేడాగా వచ్చిందని చెబుదాం. పూడ్చేశామని ఎందుకు చెప్పడం? ఈ సంగతి బయటికి పొక్కితే ఇన్నేళ్ళ ఫోటోలూ పట్టుకుని జనం వస్తారు. బోర్డు పీక్కుని ఇంటికి పోవాలి."

"మాస్టారి ఊపిరితిత్తి పీకేదానికంటే మన బోర్డు పీకడం నయం."

మరిది చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆవిడా భయపడింది. కాకపోతే ఆవిడ భయం చేతుల్లోకి దిగింది, పని అందుకుంది.

పూడ్చే పనిని యంత్రంలోంచి తీసేసింది. చదవలేని చోట నలుపు వదిలేయమని చెప్పింది. తర్వాత లేచి ఏసీ కట్టేసింది.

"ఇదేంటి?"

"ఆ కంప్యూటరు స్కాన్ మిషను పక్కన, గాలాడని అలమరలో ఉండేదట. వేడిలో రాసినదాన్ని చల్లగా చదివితే తప్పులెక్కువ వస్తాయి. నేను దీన్ని మంచులో కూర్చోబెట్టి చదివించాను. ఫ్యానూ ఆపు."

తలుపు వేసింది. బల్ల దీపాన్ని డ్రైవు మీదికి వంచింది. కాసేపటికి గదిలో గాలి బరువెక్కింది. మరిది చొక్కా వీపుకు అంటుకుపోయింది. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, డ్రైవు మీద వేలు పెట్టి వెచ్చదనం చూసి, అప్పుడు తగిలించింది.

ఈసారి అంతా చదవాలన్న ఆశ పెట్టుకోలేదు. ఆ నాలుగు బొమ్మల పట్టీలు చాలు. గిన్నె నిండుగా ఉందా, సగమే ఉందా అని యంత్రం ఒక గీత పెట్టుకుని కొలుస్తుంది. కారిపోయిన గిన్నెలకు పాత గీత పనికిరాదు. గీతను కొంచెం కిందికి జరిపి చదివించింది. ఎరుపు. ఇంకొంచెం జరిపింది. ఎరుపు. ఇంకొంచెం. డ్రైవు తెర మీంచి మాయమైంది.

"పోయిందా?" మరిది లేచి నిలబడ్డాడు.

"మాట్లాడకు."

కరెంటు తీసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, మళ్ళీ ఇచ్చింది. చాలాసేపటికి డ్రైవు కనపడింది. చదవమంది. ఎరుపు, ఎరుపు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు. దేవుణ్ణి తలుచుకుంటోందో, డ్రైవును తిడుతోందో మరిదికి తెలియలేదు. ఉన్నట్టుండి ఒక గడి పచ్చబడింది. పక్కన ఇంకొకటి. ఆపైన ఎన్ని గీతలు జరిపినా ఎరుపే. మళ్ళీ మాయమైంది డ్రైవు. కరెంటు తీసి ఇచ్చింది. రాలేదు. ఎన్నిసార్లు ఇచ్చినా ఇక రాలేదు.

పచ్చబడిన గడులు బొమ్మలో చేరాయి. నాలుగు బొమ్మల్లో మూడింట్లో పట్టీ అంతా నలుపే. నాలుగోదాంట్లో నలుపు పై అంచుకు ఆనుకుని సన్నటి గీతలు కొన్ని తేలాయి. ఆ గీతల్లో తెల్లగా, గోరు చివరంత, ఏదో ఉంది.

"అదేనా?" అన్నాడు మరిది.

"నన్నడక్కు. నేను చెప్పకూడదు," అంది వదిన. తలుపు తీసింది. ఆ నాలుగు బొమ్మలనూ ఫిల్ము మీద అచ్చు వేసి, కవరులో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

*

వార్డులో మాస్టారు ఆసుపత్రి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అది ఆయనకు పొట్టి. భార్య మంచం చివర దుప్పటి మడతలు విప్పి మళ్ళీ మడతపెడుతోంది. వదినను చూసి ఇద్దరి మొహాలూ వెలిగాయి. పలకరించడానికొచ్చిందనుకున్నారు. వదిన వాళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోయింది. గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది. కాసేపటికి డాక్టరమ్మ వస్తే ఎదురెళ్ళి కవరు చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ బొమ్మను వరండా కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"ఈ నలుపేంటి? నిన్నటిదాంట్లో లేదే?"

"నిన్నా ఉందండీ. నేను పూడ్చేశాను."

"పూడ్చేశారా?"

"చదవలేని చోట పక్క బొమ్మలోంచి తెచ్చి పూడ్చడం మా దుకాణంలో అలవాటండీ. ఆపడం మరిచిపోయాను. నిన్న మీరు చూసిన ఆ చోటు ఆయనది కాదు. ఆయనదే గానీ, అక్కడిది కాదు."

డాక్టరమ్మ ఆవిడ వంక చూసింది. తిడుతుందనుకుని వదిన సిద్ధంగా నిలబడింది. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మళ్ళీ బొమ్మ వైపు తిరిగి, కొత్త ఫిల్ము తెప్పించుకుని, రెండూ పక్కపక్కన పెట్టి, నలుపు అంచున ఉన్న ఆ గీతలను చాలాసేపు చూసింది.

"ఈ గీతలు మాత్రం చదివినవేనా? వీటిలో మీ చెయ్యి లేదుగా?"

"లేదండీ. అంతే వచ్చింది. డ్రైవు చచ్చిపోయింది."

"మచ్చ అప్పుడూ ఉంది," అంది డాక్టరమ్మ. "ఎంత ఉందో ఈ ముక్కతో చెప్పలేను. ఉందని మాత్రం చెప్పగలను. ఐదేళ్ళుగా ఉన్నదాన్ని రేపు పొద్దున్నే కోయాల్సినంత తొందర లేదు. మూడు నెలలకి మళ్ళీ తీసి చూస్తాను." కవరు మూసి వదినకే తిరిగిచ్చింది. "వాళ్ళకి మీరే చెప్పండి. జరిగింది జరిగినట్టు."

వదిన చెప్పింది. నిలబడే చెప్పింది. మాస్టారమ్మ దుప్పటి ఒళ్ళో పట్టుకుని విన్నది. ఆపరేషను లేదన్నది విని ఏడ్చింది, ఎందుకు లేదో విని కళ్ళు తుడుచుకుంది.

"రాత్రంతా కన్ను మూయలేదు మేము. ఆయన పిల్లలకి ఫోన్లు చేసి అప్పగింతలు చెప్పుకున్నాడు. నీ అతుకులు పెళ్ళి ఫోటోల్లో పెట్టుకోవమ్మా, మా ఆయన గుండెల్లో ఎందుకు పెట్టావు?"

వదిన తల వంచుకుంది.

మాస్టారు పొట్టి చొక్కా అంచు లాక్కుంటూ కూర్చున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, "కొలనులో కేకలేసేవాడితో నాకెప్పుడూ భయం లేదు. చెయ్యెత్తి అరుస్తాడు, దూకుతాం, లాగేస్తాం. మునుగుతున్నా బాగున్నానన్నట్టు మొహం పెట్టేవాడున్నాడే, వాడితోనే హడలి చచ్చేవాణ్ణి." ఊపిరి తీసుకున్నాడు. "సరే. వెళ్ళిరా. దాని మాటలు పట్టించుకోకు. కొన్నాళ్ళు అంటుంది, అననీ."

*

మర్నాడు వదిన దుకాణానికి వచ్చేసరికి మరిది అద్దం ముందు బ్లేడు పట్టుకుని ఉన్నాడు. 'అతుకు కనపడదు' అన్నంత వరకు గీకేస్తున్నాడు. రంగు ఎండి గట్టిపడింది, ఓ పట్టాన రావడం లేదు. ఆవిణ్ణి చూసి మొహం మాడ్చుకుని, "రాసినప్పుడు ఇంత కష్టం కాలేదు," అని గొణుక్కున్నాడు.

వదిన లోపలికి వెళ్ళి యంత్రం తెరిచింది. పెద్దమ్మ ఫోనులోంచి తీసిన అసలు ఫోటో ఇంకా అందులోనే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేసింది. ఒక కన్ను, ముక్కు, నవ్వుతున్న నోరు, ఎడమ కన్ను మీద బూడిదరంగు పట్టీ. చూడ్డానికి అసహ్యంగా ఉంది. అది పట్టుకుని మెట్లు దిగింది. బాగుందని తీసుకెళ్ళిన మనిషిని పిలిచి బాగాలేదని చెప్పడం ఎవరికైనా బరువే.

పెద్దమ్మ ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతోంది. మొన్నటి ఫోటో గోడకు, అద్దం పక్కన, అంటించి ఉంది.

"పెద్దమ్మా, మొన్న నీకిచ్చిన ఫోటోలో ఎడమ కన్నూ కనుబొమ్మా ఆయనవి కావు. అక్కడ మాకేమీ దొరకలేదు. కుడివాటినే తిప్పి పెట్టాను. నీకు చెప్పలేదు. నిజంగా దొరికింది ఇంతే."

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తడి చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. ఎప్పటిలాగే ఎండలోకి నడిచింది. అక్కడ నిలబడి ఆ బూడిదరంగు పట్టీ మీద వేలు పెట్టి, మెల్లగా, ఏటవాలుగా ఒక గీత గీసింది.

"ఇక్కడ గాటు ఉండేదమ్మా," అంది. "కాపురానికొచ్చిన కొత్తలో, ఆయన వెనకాలే ఉన్నాడని చూసుకోక తలుపేశాను. నెత్తురు కారింది. వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. బతికినన్నాళ్ళూ అది చూపించి నన్ను ఏడిపించేవాడు."

"మరి మొన్న నాకు చెప్పలేదేం?"

పెద్దమ్మ గోడ మీది నున్నటి ఫోటో వంక చూసింది, చేతిలోని కాగితం వంక చూసింది.

"ఫోటోలో లేదు కదా. ఫోటో తప్పు చెబుతుందని ఎందుకనుకుంటాను? నేనే మర్చిపోతున్నాననుకున్నాను. నాలుగు రోజుల నుంచీ అదే నాకు దిగులు."

ఆవిడ లోపలికి వచ్చి గోడ మీది ఫోటో తీసి వదిన చేతికిచ్చింది. ఆ చోట ఈ కాగితం పెట్టి, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి అంటించింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొన్న రాని ఏడుపంతా ఏడ్చింది. మంచినీళ్ళ సీసా దుకాణంలోనే ఉండిపోయింది. వదిన బల్ల మీది తెల్ల చొక్కాను, ఆరిపోకుండా, చేత్తో తడి అద్దుతూ ఆవిడ పక్కనే నిలబడింది.